సీమలో రైలూ బస్సూ

ఇంగ్లండు వెళ్ళి వచ్చినవారు సాధారణంగా రాజప్రాసాదాలను గూర్చీ, వస్తు ప్రదర్శనశాలలను గూర్చీ వ్రాస్తారు. అవి మేమూ చూశాము. వాటిని గూర్చి మాకంటె బాగా వ్రాయగలవారు చాలామంది ఉన్నారు గనుక, మేము ఎక్కిన బస్సులను గూర్చీ, రైళ్ళను గూర్చీ మాత్రమే నాలుగు మాటలు మన పత్రిక చదువరులకు మనవి చేసుకొంటున్నాము. ఒక దేశం తన రాజులను ఎలా గౌరవిస్తుందో కోటలను చూస్తే తెలుస్తుంది. తన ముసలివారినీ, నడవలేనివారినీ, పరాయిచోటినుంచి వచ్చినవారినీ ఎలా చూస్తుందో తెలియాలంటే మాత్రం బస్సు ఎక్కాలి.

2025 వేసవిలో మూడు నెలలు మేము రెడింగు పట్టణంలో మా అమ్మాయి ఇంట ఉన్నాము. 'చదవడం' అనే ఇంగ్లీషు మాటను ఏ అక్షరాలతో వ్రాస్తారో ఆ అక్షరాలతోనే వ్రాసి, రెడింగ్ అని పలుకుతారు. ఊరు లండనుకు పడమరగా 36 మైళ్ళ దూరంలో ఉన్నది. అమ్మాయీ అల్లుడూ ప్రొద్దున్నే ఆఫీసులకు పోతారు, మనవడు బడికి పోతాడు. ఆ తరువాత ఇల్లూ, మేమూ, గోడ గడియారమూ.

మన సంఘంలో పిల్లల దగ్గరకు పరదేశం పోయి వచ్చిన పెద్దలు చాలామంది ఉన్నారు. వారందరూ చెప్పే మాట ఒకటే: "అక్కడ అన్నీ ఉన్నాయి గాని, మనకు కాళ్ళు లేవు" అని. కారు నడపడం మనకు రాదు. శని ఆదివారాలలో పిల్లలు తీసుకొనిపోతే పోవాలి, లేకపోతే కిటికీలోనుంచి వీధి చూస్తూ కూర్చోవాలి. మేమూ ఆ భయంతోనే బయలుదేరాము. మాలో ఒకరికి మోకాళ్ళు సరిగా లేవు, రెండవవారికి చెవులు సరిగా లేవు. "ఇద్దరూ కలిస్తే ఒక మనిషి పూర్తిగా ఉన్నట్టే తాతా" అని మా మనవడు లెక్క తేల్చాడు. ఆ పూర్తి మనిషి మూడు నెలలలో ఎన్ని ఊళ్ళు తిరిగినాడో చెప్పితే బరంపురంలో మా ఇరుగుపొరుగువారు నమ్మలేదు.

మొదట బస్సు సంగతి. రెడింగులో ఊరి బస్సులు పురపాలక సంఘానివే. 1986 లో లండను తప్ప తక్కిన బ్రిటనులో బస్సులు నడిపే వ్యాపారం అందరికీ తెరిచివేసినారు. అటు తరువాత చాలా ఊళ్ళు తమ బస్సులను అమ్ముకొన్నాయి. అమ్ముకోని కొద్ది ఊళ్ళలో ఇది ఒకటి. ఇక్కడ ఒక్కొక్క దారికి ఒక్కొక్క రంగు. మేము ఎక్కువగా ఎక్కిన 17వ నెంబరు బస్సు అచ్చంగా వంకాయ రంగు. కళ్ళద్దాలు ఇంట్లో మరచినా వంకాయను పోల్చుకోవచ్చును.

బస్సు రాగానే డ్రైవరు ఒక మీట నొక్కుతాడు. మావటివాడి మాట విని ఏనుగు మోకాలు వంచినట్లు, బస్సు మన ప్రక్కకు వంగి మెట్టు కాలిబాటకు ఇంచుమించు సమానమవుతుంది. చక్రాల కుర్చీలో వచ్చినవారికి పలక దింపుతారు. కండక్టరు లేడు. డ్రైవరు దగ్గర ఉన్న చిన్న యంత్రానికి బ్యాంకు కార్డు తాకిస్తే సరి. తరువాత వచ్చే స్టాపు పేరు బస్సే బిగ్గరగా చెపుతుంది, పైన అక్షరాలలోనూ చూపుతుంది. చెవులు లేనివారు చదువుకోవచ్చు, కళ్ళు లేనివారు వినవచ్చు. మేము సగం చదివి, సగం విని, ఒకరికొకరు చెప్పుకొన్నాము.

ఈ పథకంలో చేరిన బస్సులలో ఒక ప్రయాణానికి 3 పౌండ్లకు మించి తీసుకోరాదని ఇంగ్లండులో 2025 జనవరి నుంచి ఏర్పాటు. అంతకు ముందు రెండేళ్ళు 2 పౌండ్లే. 3 పౌండ్లంటే ఆ నాడు సుమారు 350 రూపాయలు. మొదటి వారం ప్రతిసారీ రూపాయలలోకి మార్చి గుండెలు బాదుకొన్నాము. రెండవ వారం మార్చడం మానివేశాము. అప్పటినుంచి ప్రయాణం సుఖమయినది.

మేము కూర్చొనేదాకా చాలామంది డ్రైవర్లు బండి కదిలించలేదు. వారిలో ఒకాయన మాలో ఒకరిని "మై లవ్" అని పిలిచాడు. అది పుస్తకాలలో చదువుకొన్న అర్థంలో కాదనీ, మన 'అమ్మా', 'తల్లీ' వంటిదేననీ అమ్మాయి చెప్పేదాకా రెండవవారు ముఖం ముడుచుకొనే ఉన్నారు. దిగేటప్పుడు పసిపిల్లలు మొదలు పండు ముసలివారి దాకా డ్రైవరుకు థాంక్యూ చెప్పి దిగుతారు. మన ఊళ్ళో బస్సు దిగుతూ డ్రైవరుకు దండం పెడితే, వీడికి నాతో ఏం పని పడిందోనని అనుమానిస్తాడు. నెల తిరిగేసరికి మాకూ ఆ అలవాటు పట్టుకొన్నది. బరంపురం వచ్చిన తరువాత కూడా వదలలేదు.

ఇంత సౌకర్యం చూసి, "ఈ దేశం వారు పుట్టుకతోనే దయగలవారు కాబోలు" అనుకొన్నాము. అయితే విచారించగా కథ వేరుగా ఉన్నది. 1990 ప్రాంతంలో లండను వీధులలో చక్రాల కుర్చీలవారు తమ చేతులను బస్సులకు సంకెళ్ళతో కట్టుకొని, "మమ్మల్ని ఎక్కించుకోని బస్సు కదలరాదు" అని అడ్డుపడ్డారు. 1995 లో చట్టం వచ్చినది. 2000 లో నిబంధనలు వచ్చినవి. ఊరి బస్సులన్నీ అందరూ ఎక్కగలిగినట్లు ఉండాలన్న గడువు ఒంటి అంతస్తు బస్సులకు 2016, రెండంతస్తుల వాటికి 2017. అంటే చట్టం పుట్టిన ఇరవై యేళ్ళకు పని పూర్తయినదన్నమాట. డగ్ పాలీ అనే ఆయన చక్రాల కుర్చీతో బస్సు ఎక్కబోతే, ఆ స్థలంలో పిల్లల బండి ఉన్నదని 2012 లో ఎక్కలేకపోయాడు. ఆయన సుప్రీంకోర్టు దాకా పోయి 2017 లో తీర్పు తెచ్చుకొన్నాడు. జరగమని ఒకసారి అడిగి ఊరుకొంటే చాలదు, డ్రైవరు ఇంకా గట్టిగా ప్రయత్నించాలి అన్నది దాని సారాంశం. మాకోసం వంగిన బస్సు ఊరికే వంగలేదు సుమా!

రైలు టిక్కెట్టు మాత్రం ఒక శాస్త్రం. ఒకే బండి, ఒకే పెట్టె, ఒకే దూరం. అయినా ప్రక్క సీటువాడు మనకు మూడింతలు ఇచ్చి ఉండవచ్చు. ముందుగా కొన్నది చౌక, కాని అది ఆ బండికే చెల్లుతుంది. రద్దీ లేని వేళలకు ఒక ధర. ఏ వేళకైనా చెల్లే టిక్కెట్టు అన్నిటికంటె ఖరీదు. మా అల్లుడు మాకు ఒక రాయితీ కార్డు కొనిపెట్టాడు. దాని పేరు 'టూ టుగెదర్', అనగా ఇద్దరూ కలిసి. 35 పౌండ్లకు ఏడాది చెల్లుతుంది, టిక్కెట్టులో మూడో వంతు తగ్గుతుంది. అయితే కార్డులో పేర్లున్న ఇద్దరూ కలిసి ప్రయాణం చేస్తేనే చెల్లుతుంది, పనిదినాలలో ఉదయం తొమ్మిదిన్నర దాటాలి. మాలో మాకు మాటపట్టింపు వచ్చిన రోజున కూడా ఆ కార్డు మూలాన ప్రక్కప్రక్కనే కూర్చొని పోవలసి వచ్చేది. మా కాపురంలో ఏ పెద్దమనిషీ చేయని రాజీ ఆ అట్టముక్క చేసినది.

టిక్కెట్లు ఎక్కువమంది ఫోనులోనే కొంటారు. మేము స్టేషనులో కిటికీ దగ్గర నిలబడి, మనిషిని అడిగి కొన్నాము. ఆ కిటికీ కూడా పోయేదే. ఇంగ్లండులో టిక్కెట్టు గదులను చాలావరకు మూసివేయాలని 2023 వేసవిలో ప్రతిపాదించారు. ప్రజల అభిప్రాయం అడిగితే సుమారు 7,50,000 జవాబులు వచ్చినవి. ముసలివారు, చూపులేనివారు, యంత్రాలు తెలియనివారు, వారి తరఫున ఇతరులు వ్రాశారు. ఆ ఏడు అక్టోబరు 31న ప్రతిపాదన విరమించుకొన్నారు. కిటికీ అవతలి ఉద్యోగి ఓపికగా మాకు చౌక దారి వెదికి పెట్టినప్పుడల్లా ఆ ఏడున్నర లక్షలమందికి మనసులో నమస్కారం చేసుకొన్నాము.

పెద్ద స్టేషన్లలో మరొక వింత. బండి ఏ ప్లాటుఫారం మీదికి వస్తుందో చాలాచోట్ల చివరి పది నిమిషాలలో గాని చెప్పరు. జనమంతా పలక క్రింద తలలెత్తి నిలబడతారు. అంకె పడగానే అందరూ ఒకేసారి, పరుగెత్తకుండా, పరుగెత్తినంత వేగంగా నడుస్తారు. కూలీ లేడు, మన సామాను మనమే మోసుకోవాలి. బండి ఎక్కిన తరువాత నిశ్శబ్దం. "ఛాయ్, ఛాయ్" లేదు, వేరుసెనగకాయలు లేవు, "మీదే ఊరండీ" అని అడిగేవారు లేరు. మేము పొట్లం విప్పి పులిహోర తింటూంటే, ఆ ఆకు చప్పుడే పెట్టె అంతా వినపడ్డట్టు తోచి సిగ్గు పడ్డాము. కాని ఒక రహస్యం కనిపెట్టాము. బండి మధ్యదారిలో ఆగిపోయి పది నిమిషాలయితే ఇంగ్లీషువారు మాట్లాడతారు. ఆలస్యం అరగంట దాటితే నవ్వుతారు. గంట దాటితే బిస్కత్తులు పంచుతారు.

అది అనుభవం మీద చెపుతున్నాము. ఒక ఆదివారం సముద్రతీరపు ఊరినుంచి తిరిగి వస్తూండగా సాయంకాలం బండి రద్దయినది. నడిపేవారు చాలలేదట. ఏ కంపెనీ అన్నది ఇక్కడ అనవసరం. రైలుకు బదులు బస్సు అన్నారు. ఆ బస్సు గంటన్నరకు వచ్చినది. అది ఊరూరా ఆగి మమ్మల్ని ఇల్లు చేర్చేసరికి రాత్రి పదకొండు గంటలు. వానలో నిలబడినంతసేపూ ఒక కాలేజీ అమ్మాయి తన గొడుగు మాకిచ్చి, ఆలస్యానికి డబ్బు తిరిగి అడగవచ్చునని చెప్పి, ఆ ఫారం ఎలా నింపాలో చూపించినది. సాధారణంగా గంట దాటి ఆలస్యమయితే ఆ ప్రయాణపు టిక్కెట్టు డబ్బు పూర్తిగా ఇస్తారు. అయితే అడిగితేనే ఇస్తారు. మేము అడిగాము, మూడు వారాలకు వచ్చినది. 1948 లో ప్రభుత్వం చేతికి వచ్చిన రైళ్ళను 1990 ల నడుమ ముక్కలు చేసి కంపెనీలకు అప్పగించారు. మేము అక్కడ ఉన్న నాటికే, 2025 మే నుంచి, ఒక్కొక్క కంపెనీ మళ్ళీ ప్రభుత్వం చేతికి రావడం మొదలయినది.

రెడింగునుంచి లండను మీదుగా తూర్పున ఎబ్బీవుడ్ దాకా ఎలిజబెత్ లైను అనే రైలు పోతుంది. ఆ దారిలో సౌతాల్ వస్తుంది. పంజాబీలు నిండుగా స్థిరపడిన పేట అది. స్టేషను పలక మీద ఇంగ్లీషుతోపాటు గురుముఖి అక్షరాలు కనపడ్డవి. అదే దారిలో లండను దాటబోయే ముందు వైట్ చాపెల్ స్టేషనులో బెంగాలీ అక్షరాలు. అవి 2022 లో పెట్టినవి. ఇంగ్లీషు ఒక్కటే ఉండాలని 2025 లో ఒక పార్లమెంటు సభ్యుడు అభ్యంతరం చెప్పాడట. మేము పోయిననాడు పలక పలకగానే ఉన్నది. పరాయిచోట మన లిపి కాకపోయినా మన దేశపు లిపిని స్టేషను గోడ మీద చూసినప్పుడు, తరతరాలుగా తెలుగుదేశం వెలుపల బ్రతుకుతున్న మనవంటి వారికి ఏమనిపిస్తుందో వేరే చెప్పనక్కరలేదు.

లండనులో ఎంబాంక్‌మెంట్ అనే భూగర్భ స్టేషనుకు ప్రత్యేకంగా పోయినాము. ప్లాటుఫారానికీ బండికీ నడుమ సందు ఉన్నది, చూసి అడుగు వేయండి అని చాలా స్టేషన్లలో చెప్పే హెచ్చరిక ఉన్నది కదా, "మైండ్ ది గ్యాప్" అని. నార్తరన్ లైనులో ఆ మాట పూర్వం ఆస్వల్డ్ లారెన్స్ అనే నటుడి గొంతుతో వినపడేది. ఆయన 2007 లో చనిపోయాడు. భర్త గొంతు వినడానికి ఆయన భార్య అప్పుడప్పుడు పోయి ఆ ప్లాటుఫారం మీద కూర్చొనేది. 2012 లో కొత్త యంత్రాలు వచ్చి ఆ గొంతు పోయినది. ఆమె అధికారులను అడిగినది. వారు పాత రికార్డు వెదికి తీసి ఆమెకు ఒక ప్రతి ఇచ్చారు. అంతటితో ఊరుకోక 2013 లో ఆ ఒక్క స్టేషనులో ఆ గొంతును తిరిగి పెట్టారు. మేము బల్ల మీద కూర్చొని నాలుగు బళ్ళు పోనిచ్చాము. చెవులు సరిగాలేని వారికి కూడా ఆ మాట వినపడినది. తిరిగి వచ్చేటప్పుడు ఇద్దరమూ చాలాసేపు ఏమీ మాట్లాడుకోలేదు.

రెడింగునుంచి పడమరకు పోతే గంటకు కొంచెం పైగా బ్రిస్టల్. అక్కడ బస్సు దిగేవారు "చీర్స్, డ్రైవ్" అంటారు. ఆ ఊరి ప్రత్యేకత అది. ఇంత మర్యాదైన బస్సులలో 1963 దాకా నల్లవారిని గాని, మన దేశంవారిని గాని డ్రైవర్లుగా, కండక్టర్లుగా చేర్చుకొనేవారు కారు. గై బెయిలీ అనే యువకుడు ఉద్యోగానికి పోతే, రంగు సంగతి తెలియగానే ముఖాముఖీ రద్దు చేశారు. పాల్ స్టీఫెన్సన్ మొదలైనవారు బస్సులు ఎక్కవద్దని జనానికి పిలుపిచ్చారు. నాలుగు నెలలు జరిగినది. ఆగస్టు 28న కంపెనీ దిగివచ్చినది. సెప్టెంబరు 17న ఆ బస్సులలో మొదటి తెల్లవాడు కాని కండక్టరుగా చేరినవాడు రఘ్‌బీర్ సింగ్ అనే సిక్కు. బస్సు స్టేషనులో 2014 లో పెట్టిన ఫలకం చూశాము. వుల్వర్‌హాంప్టన్ అనే మరొక ఊళ్ళో సిక్కులు తలపాగాతో బస్సు నడపడానికి రెండేళ్ళు పోరాడి 1969 లో గెలిచారు. మేము అక్కడ ఉన్న మూడు నెలలలో ఎన్నో బస్సులలో మనవారి ముఖాలే చక్రం ముందు కనపడ్డవి. వారిని చూసి ఎవరూ వింత పడలేదు. ఆ వింత పడకపోవడానికి ఎంత ఖరీదయినదో ఆ ఫలకం ముందు నిలబడితే తెలిసినది.

వేల్సుకు పోవడానికి బ్రిస్టల్ దగ్గర సెవర్న్ నది క్రిందుగా నాలుగు మైళ్ళకు పైగా పొడుగున్న సొరంగంలోనుంచి రైలు పోతుంది. అది 1886 లో తెరిచినది. అవతల తేలితే భాష మారిపోయినది. కార్డిఫ్ స్టేషనులో ముందు వెల్షు భాషలో చెప్పి, తరువాత ఇంగ్లీషులో చెపుతారు. పలక మీద 'కార్డిఫ్' తోబాటు 'కైర్‌దీద్' అని వారి పేరు ఉన్నది. 2021 జనాభా లెక్కలలో వెల్షు వచ్చునని చెప్పినవారు నూటికి 18 మంది కూడా లేరు, సుమారు 5,38,000 మంది. ఒకప్పుడు బడిలో ఆ భాష మాట్లాడిన పిల్లల మెడలో చెక్కముక్క వ్రేలాడదీసి శిక్షించేవారు. 1962 లో భాషకోసం ఒక సంఘం పుట్టినది. 1963 ఫిబ్రవరిలో వారు ఒక వంతెన మీద రాకపోకలు ఆపి కూర్చొన్నారు. తరువాత సంవత్సరాలలో ఇంగ్లీషు మాత్రమే ఉన్న దారి పలకలకు రంగు పూసి జైళ్ళకు పోయినారు. 2011 లో వెల్షుకు అధికార భాష హోదా చట్టంలో వచ్చినది.

ఆ ప్రకటన వింటూ మేము మన ఇళ్ళను గూర్చి మాట్లాడుకొన్నాము. బరంపురంలో మనకు ఇంట తెలుగు, వీధిలో ఒడియా. షోలాపూరులో మనవారికి మరాఠీ, హోసూరులో తమిళం. ఏ భాషతోనూ మనకు తగవు లేదు. ఆ భాషలు మనకు అన్నం పెట్టినవి. కాని ఇంట్లో మాట్లాడే భాష వీధిలో ఎక్కడా వినపడకపోతే, అది పిల్లలకు వంటింటి భాషగానే మిగిలిపోతుంది. రైలు ఎన్ని గంటలకో తమ భాషలో చెప్పించుకొన్న వెల్షువారు మొండివారు కారు, దూరం ఆలోచించినవారు.

అన్ని కథలూ ఇంత మంచివి కావు. ఒకనాడు అల్లుడి స్నేహితులను చూడడానికి ఒక పల్లెకు పోయినాము. పచ్చని కంచెలు, రాతి ఇళ్ళు, చిత్రపటంలా ఉన్నది. బస్సు మాత్రం వారానికి రెండు రోజులే. స్టాపు దగ్గర ఎనభై దాటిన ఒకావిడ సంచీ పట్టుకొని కూర్చొని ఉన్నది. పింఛను వయసు వచ్చిన ఇంగ్లండు వారికి బస్సు ఉచితం. పనిదినాలలో సాధారణంగా ఉదయం తొమ్మిదిన్నర దాటిన తరువాత చెల్లుతుంది. తొమ్మిదీ ఇరవైకే వచ్చి "టూ ఎర్లీనా" అని అడిగే ముసలివారికి డ్రైవర్లు 'ట్వర్లీలు' అని పేరు పెట్టారట. "నేనూ ఒక ట్వర్లీనే" అని ఆవిడ నవ్వినది. ఏం కొనబోతున్నారని అడిగితే, "ఏమీ లేదు. ఎవరూ ఎక్కకపోతే ఈ బస్సు తీసివేస్తారు. అందుకని ఎక్కుతాను" అన్నది.

ఆ పల్లెకు పూర్వం రైలు కూడా ఉండేదట. మళ్ళీ ఆ 1963 వ సంవత్సరమే! ఆ మార్చిలో బీచింగు అనే అధికారి నివేదిక వచ్చినది. 2,000 కు పైగా స్టేషన్లు, సుమారు 5,000 మైళ్ళ దారి నష్టదాయకమని మూసివేయమన్నది. చాలావరకు మూతపడ్డవి. రైలుకు బదులు బస్సు వస్తుందన్నారు. ఆ బస్సే ఇప్పుడు వారానికి రెండు రోజులు. ఉత్తరాన సెటిల్ నుంచి కార్లయిల్ పోయే 72 మైళ్ళ కొండదారిని కూడా 1980 లలో మూయబోయారు. వేలకొద్దీ జనం అభ్యంతరాలు వ్రాశారు. వాటిలో ఒక కుక్క పాదముద్ర కూడా ఉన్నది. నిత్యం ఆ రైలెక్కే కుక్క అది, దాని అభ్యంతరాన్నీ లెక్కలో చేర్చుకొన్నారు! 1989 లో ఆ దారి దక్కినది. అడిగినవారికి దక్కినది, అడిగే గొంతు చాలనివారికి పోయినది.

చివరకు ఒక యాత్ర చేశాము. రెడింగునుంచి కొండల ప్రక్కగా పోయే చిన్న రైలు ఎక్కితే డార్కింగ్ డీప్‌డీన్ అనే స్టేషను వస్తుంది. అక్కడికి నడచి పోయేంత దూరంలో శ్మశానవాటిక. అందులో ధవళేశ్వరం ఆనకట్ట కట్టించిన సర్ ఆర్థర్ కాటన్ సమాధి ఉన్నది. ఆయన 1803 లో పుట్టి, 1899 లో తన 96 ఏళ్ళ వయసున ఆ ఊళ్ళోనే కన్నుమూశాడు. ఇందులో ఒక విడ్డూరం ఉన్నది. 1825 లో స్టాక్టన్, డార్లింగ్టన్ల మధ్య మొదలయిన రైలు మోజు ప్రపంచమంతా వ్యాపిస్తున్న రోజులలో, ఇండియాకు ముందు కావలసినది ఇనుప దారులు కాదు, పొలాలకు నీరూ సరుకులకు పడవ దారీ ఇచ్చే కాలువలు అని వాదించినవాడు ఆయన. రైళ్ళకు అన్ని కోట్లు పోస్తున్నారే, నీటికి ఎంత ఇచ్చారని తన ప్రభుత్వాన్నే అడిగి, విసిగించి, 1847 లో మొదలుపెట్టి 1852 కి ఆనకట్ట పూర్తి చేశాడు. అటువంటి మనిషిని చూడడానికి మేము రైలులోనే పోయినాము. గోదావరి నీళ్ళు తీసుకొని పోలేదు. పువ్వులు పెట్టి, కొంచెంసేపు నిలబడి వచ్చాము.

మన సంఘ సభ్యులలో పిల్లల దగ్గరకు పోబోయే పెద్దలకు మా సలహా ఇది. మొదటి వారంలోనే ఇంటి దగ్గరి బస్సు రంగూ నెంబరూ తెలుసుకోండి. రెండు స్టాపులు పోయి తిరిగి రండి. ఇద్దరి పేర కార్డు తీసుకోండి. పల్లెకు పోతే తిరుగు బస్సు వేళ ముందు అడగండి. వానకోటు మరవకండి. పులిహోర నిరభ్యంతరంగా తినండి.

ఇక మా మాట. ఆ దేశంలో మాకు దొరికిన ప్రతి సుఖం వెనుకా ఎవరో ఒకరు సిగ్గుపడకుండా అడిగిన మాట ఉన్నది. బస్సు మెట్టు కానివ్వండి, కిటికీ అవతలి మనిషి కానివ్వండి, పలక మీది అక్షరం కానివ్వండి, పోయిన మనిషి గొంతు కానివ్వండి. మేము బరంపురం వచ్చిన మరునాడు ఊరి బస్సు ఎక్కబోతే మొదటి మెట్టు మోకాటి ఎత్తున ఉన్నది. ఎన్నేళ్ళుగా అలాగే ఎక్కుతున్నాము, ఎవరినీ ఎన్నడూ అడగలేదు. మన సంఘం రాబోయే సమావేశంలో ఆ మెట్టు సంగతి ఒక తీర్మానంగా పెట్టి, రవాణా అధికారులకు ఒడియాలోనూ తెలుగులోనూ వ్రాసి పంపాలని మేము కోరుతున్నాము. మొదటి సంతకాలు మా ఇద్దరివీ. కలిసే పెడతాము.